ఆఫీసు డెస్క్ ఫోన్: కాల్ కట్ కాకుండా ట్రాన్స్‌ఫర్, ఫార్వర్డ్, కాన్ఫరెన్స్ చేయడం ఎలా?

"మేడమ్ గారికి లైన్ కలుపుదామని బటన్ నొక్కితే అవతలివాళ్ళ కాల్ కట్ అయిపోతోంది, ఏం చేయాలి?" ఆఫీసు ఫోన్ల గురించి నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఆ తర్వాత అడిగేది, "ఫార్వర్డ్ పెట్టాను, తీయడం తెలియట్లేదు" అని. హాస్పిటల్ రిసెప్షన్ వాళ్ళు, స్కూల్ ఆఫీసు వాళ్ళు, ఆడిటర్ దగ్గర పనిచేసేవాళ్ళు, ట్రాన్స్‌పోర్ట్ బుకింగ్ కౌంటర్ వాళ్ళు, అందరిదీ ఇదే ఇబ్బంది. ఫోన్లు బిగించినవాళ్ళు ఐదు నిమిషాలు చూపించి వెళ్ళిపోతారు. ఆ రోజు చూసి నేర్చుకున్న మనిషి ఉద్యోగం మారితే, కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పేవాళ్ళు ఉండరు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. సిద్ధాంతం జోలికి వెళ్ళను. ఏ బటన్ ఎప్పుడు నొక్కాలి, పని అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి, అంతే.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- మీ ఎక్స్‌టెన్షన్ నంబరు, అంటే ఆఫీసు లోపల మీ ఫోన్‌కి ఇచ్చిన చిన్న నంబరు. చాలామందికి పక్కవాళ్ళ నంబర్లు తెలుసు గానీ తమది తెలియదు. పక్క టేబుల్‌కి ఫోన్ చేస్తే వాళ్ళ డిస్‌ప్లేలో కనిపిస్తుంది.
- ఆఫీసులో అందరి ఎక్స్‌టెన్షన్ల లిస్టు. కంప్యూటర్‌లో ఉంటే చాలదు, ప్రింట్ తీసి ఫోన్ పక్కన అంటించండి. లైన్లో మనిషి ఉండగా ఎక్సెల్ షీట్ వెతుక్కోలేం.
- బయటి లైన్ కోడ్, అంటే ఆఫీసు బయటికి కాల్ చేసేముందు నొక్కే అంకె. కొన్ని ఆఫీసుల్లో 0, కొన్నిచోట్ల 9.
- మీ సిస్టమ్ (ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే ఎక్స్ఛేంజ్) పేరు, మోడల్, దాని ఫీచర్ కోడ్ల పేజీ, అంటే ఫార్వర్డ్ లాంటి పనులకు నొక్కే కోడ్ల లిస్టు. బిగించినవాళ్ళను అడిగితే వాట్సాప్‌లో పంపిస్తారు.
- ప్రాక్టీస్‌కి ఇద్దరు సహోద్యోగులు, ఒక మొబైల్.

ప్రాక్టీస్ అంతా పొద్దున పని మొదలవకముందో, లంచ్ టైమ్‌లోనో చేయండి. మొబైల్ నుంచి ఆఫీసు నంబరుకు మీరే కాల్ చేసి, ఆ కాల్ మీద నేర్చుకోండి. నిజంగా పని మీద ఫోన్ చేసినవాళ్ళ మీద ప్రయోగాలు చేయకండి.

1. మీ ఫోన్ ఏ రకమో చూసుకోండి

ఫోన్ వెనక్కి తిప్పి వైరు చూడండి. ఇంట్లో ల్యాండ్‌లైన్‌కి ఉండే సన్నటి వైరు, సన్నటి క్లిప్పు ఉండి, ముందువైపు బటన్లు తక్కువగా ఉంటే అది మామూలు అనలాగ్ ఫోన్. వెనక గది గోడకున్న ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఎక్స్ఛేంజ్) డబ్బాకు కలిసి ఉంటుంది. కంప్యూటర్‌కి పెట్టే వెడల్పాటి లాన్ కేబుల్ ఉంటే అది ఐపీ ఫోన్, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచేది. సన్నటి వైరే ఉండి, డిస్‌ప్లే, పక్కన రెండు వరసల లైట్ల బటన్లు ఉంటే అది సాధారణంగా డిజిటల్ సెట్. ఎక్కువగా ఆపరేటర్ దగ్గరో, పెద్ద సారు టేబుల్ మీదో ఉంటుంది. దాన్ని తీసి మామూలు ఫోన్ పాయింట్‌లో పెడితే పనిచేయదు.

అనలాగ్ ఫోన్ అయితే ఇంకొకటి చూడండి. పక్కనో కిందో టోన్, పల్స్ అని చిన్న స్విచ్ ఉండొచ్చు. అది టోన్ వైపే ఉండాలి. టేబుల్ తుడిచేటప్పుడు చెయ్యి తగిలి పల్స్‌కి జరిగితే నంబరు నొక్కినప్పుడు టక్ టక్ మని చప్పుడు వస్తుంది. స్టార్, హ్యాష్ కోడ్లు ఏవీ పనిచేయవు. బ్యాంకుకు ఫోన్ చేసి "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అన్నప్పుడు నొక్కినా కదలదు. ఫోన్ పాడైందని కొత్తది కొనేముందు ఈ స్విచ్ చూడండి.

ఐపీ ఫోన్ వెనక రెండు లాన్ పోర్టులు ఉంటాయి. గోడ నుంచి వచ్చే కేబుల్ లాన్ లేదా నెట్‌వర్క్ అని ఉన్నదాంట్లో, కంప్యూటర్‌కి వెళ్ళేది పీసీ అని ఉన్నదాంట్లో పెట్టాలి. చాలా ఐపీ ఫోన్లకు కరెంటు కూడా ఆ గోడ కేబుల్ నుంచే వస్తుంది కాబట్టి, రెండూ తారుమారైతే ఫోన్ అసలు వెలగకపోవచ్చు.

2. బయటికి కాల్ చేయడం

రిసీవర్ ఎత్తండి, డయల్ టోన్ వినండి, బయటి లైన్ కోడ్ నొక్కండి, తర్వాత నంబరు. అనలాగ్ సిస్టమ్‌లలో కోడ్ నొక్కాక రెండో డయల్ టోన్ వస్తుంది. అది వినిపించాకే నంబరు నొక్కండి. ఆఫీసు లోపలి ఎక్స్‌టెన్షన్‌కి అయితే ఈ కోడ్ అక్కర్లేదు.

ఇక్కడ ఎక్కువమంది తడబడేది సున్నాల దగ్గర. 2021 జనవరి 15 నుంచి మన దేశంలో ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు 0 తప్పనిసరి. మీ ఆఫీసులో బయటి లైన్ కోడ్ కూడా 0 అయితే రెండు సున్నాలు నొక్కాలి. మొదటిది లైన్ కోసం, రెండోది మొబైల్ కోసం, ఆ తర్వాత పది అంకెలు. కోడ్ 9 అయితే 9, 0, పది అంకెలు. వేరే ఊరి ల్యాండ్‌లైన్ అయితే, ఉదాహరణకు గుంటూరు ఆఫీసు నుంచి హైదరాబాద్‌కి, బయటి లైన్ కోడ్, తర్వాత 040, తర్వాత నంబరు. అదే ఊరి ల్యాండ్‌లైన్‌కి బయటి లైన్ కోడ్, నంబరు చాలు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు:

- డిస్‌ప్లేలో మిస్డ్ కాల్ చూసి నేరుగా డయల్ నొక్కడం. చాలా సిస్టమ్‌లలో అక్కడ నంబరు మాత్రమే ఉంటుంది, ముందు కోడ్ ఉండదు. అందుకే కాల్ వెళ్ళదు. ఎడిట్ నొక్కి ముందు కోడ్ చేర్చండి, లేదా చేత్తో నొక్కండి.
- మెమరీలో నంబరు దాచేటప్పుడు కోడ్ తర్వాత పాజ్ పెట్టకపోవడం. అనలాగ్ ఫోన్ అన్ని అంకెలూ గబగబా పంపేస్తుంది, బయటి లైన్ అందేలోపు సగం అంకెలు పోతాయి. కోడ్ నొక్కాక పాజ్ బటన్ ఒకసారి నొక్కి, తర్వాత నంబరు నొక్కి సేవ్ చేయండి. రీడయల్ బటనే పాజ్‌గా కూడా పనిచేసే ఫోన్లు చాలా ఉన్నాయి.
- ఐపీ ఫోన్‌లో నంబరు నొక్కి ఎదురుచూస్తూ కూర్చోవడం. చివర డయల్ లేదా సెండ్ నొక్కండి. చాలా ఫోన్లలో హ్యాష్ నొక్కినా వెంటనే వెళ్తుంది.

బయటి లైన్ కోడ్ నొక్కగానే ఎంగేజ్ టోన్ వస్తే రెండు కారణాలు ఉండొచ్చు. లైన్లన్నీ బిజీగా ఉండి ఉండొచ్చు, లేదా మీ ఎక్స్‌టెన్షన్‌కి బయటికి చేసే అనుమతి లేకపోవచ్చు. కాసేపాగి మళ్ళీ చేయండి. పక్క ఫోన్ నుంచి వెళ్తూ మీ దగ్గర నుంచి ఎప్పుడూ వెళ్ళకపోతే అది అనుమతి సంగతే. అడ్మిన్ మార్చాలి, మీ చేతిలో లేదు.

3. హోల్డ్, మ్యూట్ ఒకటి కాదు

మ్యూట్ నొక్కితే మీ మాట అవతలికి వినిపించదు గానీ వాళ్ళ మాట మీకు వినిపిస్తుంది. హోల్డ్ పెడితే ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినిపించదు, వాళ్ళకు మ్యూజిక్ వస్తుంది. పక్కవాళ్ళను ఏదైనా అడగాలంటే హోల్డ్ పెట్టండి. రిసీవర్ మీద అరచెయ్యి పెట్టి మాట్లాడితే మాట వెళ్ళిపోతుంది. "సార్ లేరని చెప్పు" అన్న మాట అవతలివాళ్ళకు స్పష్టంగా వినిపించిన సందర్భాలు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి.

అనలాగ్ ఫోన్ మీదున్న హోల్డ్ బటన్ విషయంలో ఒక జాగ్రత్త. అది ఆ ఫోన్ తనంతట తాను మ్యూజిక్ వినిపించే హోల్డ్, సిస్టమ్‌కి దాని సంగతే తెలియదు. అది నొక్కి ఎక్స్‌టెన్షన్ నంబరు కొడితే ట్రాన్స్‌ఫర్ జరగదు. ట్రాన్స్‌ఫర్‌కి వాడాల్సింది ఫ్లాష్ బటన్.

4. ట్రాన్స్‌ఫర్: అవతలి మనిషిని వదిలేయకుండా

మొత్తంలో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టమనేది దీని మీదే. ఎక్కడో పల్లె నుంచి ఒక పెద్దాయన హాస్పిటల్‌కి ఫోన్ చేసి తన బాధ చెప్పుకుంటాడు. రిసెప్షన్‌లో ఒకసారి, ల్యాబ్‌లో ఒకసారి, మళ్ళీ ఓపీలో ఒకసారి మొదటి నుంచి చెప్పి, చివరికి కాల్ కట్ అయితే ఆయన ఇంకెవరిని అడగాలి? కాబట్టి ముందుగా మాట్లాడి, తర్వాత కలపడమే అలవాటు చేసుకోండి.

అనలాగ్ ఫోన్‌లో ఇలా:

1. అవతలివాళ్ళతో చెప్పండి: "ఒక్క నిమిషం లైన్లో ఉండండి, అకౌంట్స్‌కి కలుపుతాను. మధ్యలో కట్ అయితే మళ్ళీ చేసి 214 అడగండి." పేరు, పని కూడా ఇప్పుడే కనుక్కోండి.
2. ఫ్లాష్ బటన్ ఒకసారి నొక్కి వదిలేయండి. కొన్ని ఫోన్లలో దీని మీద ఆర్ అని ఉంటుంది.
3. డయల్ టోన్ వచ్చిందా? వస్తేనే ముందుకు వెళ్ళండి. ఈ టోన్ వచ్చిందంటే అవతలి మనిషి క్షేమంగా హోల్డ్‌లో ఉన్నట్టు.
4. ఎక్స్‌టెన్షన్ నంబరు నొక్కండి. వాళ్ళు ఎత్తాక చెప్పండి: "సార్, గుంటూరు నుంచి శ్రీనివాసరావు గారు లైన్లో ఉన్నారు, పోయిన నెల బిల్లు గురించి. కలపమంటారా?"
5. సరే అంటే మీ రిసీవర్ పెట్టేయండి. వాళ్ళిద్దరూ కలిసిపోతారు.
6. వద్దన్నా, ఎత్తకపోయినా, ఎంగేజ్ వచ్చినా రిసీవర్ పెట్టకండి. ఫ్లాష్ మళ్ళీ నొక్కితే మొదటి మనిషి తిరిగి లైన్లోకి వస్తారు. కొన్ని సిస్టమ్‌లలో ఫ్లాష్ తర్వాత ఒక అంకె కూడా నొక్కాలి, మీ కోడ్ల పేజీలో చూడండి.

ఐపీ ఫోన్‌లో ఇలా:

1. మాట్లాడుతుండగా ట్రాన్స్‌ఫర్ నొక్కండి. అవతలివాళ్ళు తమంతట తామే హోల్డ్‌లోకి వెళ్తారు, విడిగా హోల్డ్ అక్కర్లేదు.
2. ఎక్స్‌టెన్షన్ నొక్కి డయల్ నొక్కండి. వాళ్ళు ఎత్తాక సంగతి చెప్పండి.
3. ట్రాన్స్‌ఫర్ రెండోసారి నొక్కండి. పని పూర్తయ్యేది ఈ రెండో నొక్కుతోనే.
4. వాళ్ళు వద్దంటే స్క్రీన్ మీద క్యాన్సిల్ లేదా ఎండ్ కాల్ నొక్కి, హోల్డ్‌లో ఉన్నవాళ్ళను రెజ్యూమ్‌తో వెనక్కి తెచ్చుకోండి.

అనలాగ్ ఫోన్‌కి అలవాటు పడినవాళ్ళు ఐపీ ఫోన్ వచ్చాక పొరపడేది మూడో మెట్టు దగ్గరే. రెండోసారి ట్రాన్స్‌ఫర్ నొక్కకుండా రిసీవర్ పెట్టేస్తారు. కొన్ని ఫోన్లలో అలా కూడా కాల్ వెళ్తుంది, కొన్నిట్లో మనిషి హోల్డ్‌లోనే మిగిలిపోతాడు, ఇంకొన్నిట్లో కట్ అవుతుంది. మీ ఫోన్ ఏం చేస్తుందో ప్రాక్టీస్‌లోనే తేల్చుకోండి. తేలేదాకా రెండోసారి నొక్కడమే పద్ధతి.

డిజిటల్ సెట్‌లో ట్రాన్స్‌ఫర్ బటన్, ఎక్స్‌టెన్షన్, మాట్లాడటం, రిసీవర్ పెట్టేయడం, ఇంతే. అయితే ఒక హెచ్చరిక: ఒక లైన్లో మాట్లాడుతూ హోల్డ్ నొక్కకుండా రెండో లైన్ బటన్ నొక్కితే కొన్ని పాత సెట్లలో మొదటి కాల్ పోతుంది. ముందు హోల్డ్, తర్వాతే రెండో లైన్.

ఎవరు ఎత్తారో చూడకుండా నేరుగా కలిపేయడాన్ని బ్లైండ్ ట్రాన్స్‌ఫర్ అంటారు. అనలాగ్‌లో ఎక్స్‌టెన్షన్ రింగవుతుండగానే రిసీవర్ పెట్టేస్తే అదే. ఐపీ ఫోన్లలో దీనికి విడిగా బటన్ ఉండొచ్చు. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండే కౌంటర్‌కి అయితే పరవాలేదు. ఒక మనిషి టేబుల్‌కి అయితే నేను వద్దంటాను. ఎవరూ ఎత్తకపోతే కాసేపటికి మీ దగ్గరికే తిరిగి రింగయ్యేలా చాలా సిస్టమ్‌లలో ఏర్పాటు ఉంటుంది. అలా వచ్చినప్పుడు కొత్త కాల్ అనుకుని "నమస్తే, ఎవరు కావాలండీ?" అని మొదలుపెట్టకండి. డిస్‌ప్లే చూసి, "ఆయన సీట్లో లేనట్టున్నారండీ, మీ నంబరు ఇస్తే చేయిస్తాను" అనండి.

ఇక అసలు ప్రశ్న, కాల్ ఎందుకు కట్ అవుతోంది?

- ఫ్లాష్ బటన్ లేని ఫోన్‌లో రిసీవర్ పెట్టే చోటున్న మీటను వేలితో నొక్కి ట్రాన్స్‌ఫర్ చేస్తుంటారు. చాలా కొద్దిసేపే నొక్కాలి. సెకను దాటి నొక్కితే సిస్టమ్ ఫోన్ పెట్టేసినట్టు లెక్కేస్తుంది. ఫ్లాష్ బటన్ ఉన్న ఫోన్ తెప్పించుకోవడమే దీనికి మందు.
- బటన్ ఉన్నా కట్ అవుతుంటే ఫ్లాష్ టైమ్ కుదరలేదన్నమాట. ఫోన్ ఇచ్చే విరామం, సిస్టమ్ ఎదురుచూసే విరామం సరిపోవాలి. 100, 300, 600 మిల్లీసెకండ్లలో ఏదో ఒకటి ఎంచుకునే వీలు కొన్ని ఫోన్లలో ఉంటుంది. కట్ అవుతుంటే తగ్గించి చూడండి. నొక్కినా ఏమీ జరగకపోతే పెంచి చూడండి. ఫోన్‌లో మార్చే వీలు లేకపోతే సిస్టమ్‌లో మార్చమని మెయింటెనెన్స్ వాళ్ళను అడగండి. "ఫ్లాష్ టైమింగ్ సరిచేయండి" అంటే వాళ్ళకు అర్థమవుతుంది.
- ఫ్లాష్ నొక్కాక టోన్ వినకుండానే నంబరు కొట్టడం. టోన్ రాకపోతే అవతలి మనిషి ఇంకా మీ లైన్లోనే ఉంటారు, మీరు నొక్కే అంకెల చప్పుడు వాళ్ళ చెవిలో పడుతుంది.

ట్రాన్స్‌ఫర్ చేయడం మీకు వచ్చిందో లేదో ఇలా చూసుకోండి: మొబైల్‌తో ఆఫీసుకు కాల్ చేసి, మొబైల్‌ని ఒక సహోద్యోగికి ఇచ్చి పక్క గదిలోకి పంపండి. మూడు సందర్భాలూ చేయండి: ఎత్తినప్పుడు, ఎత్తనప్పుడు, ఎంగేజ్ వచ్చినప్పుడు. మూడిట్లోనూ మొబైల్‌లో కాల్ నిలబడితేనే మీకు ట్రాన్స్‌ఫర్ వచ్చినట్టు. చాలామంది మొదటిది మాత్రమే చేసి చూసుకుంటారు, అసలు ఇబ్బంది మిగతా రెండిట్లో వస్తుంది.

5. ఫార్వర్డ్: పెట్టడం తేలిక, మర్చిపోవడం ఇంకా తేలిక

దీన్నే డైవర్ట్ అని కూడా అంటాం. మూడు రకాలు. అన్ని కాల్స్ వెళ్ళిపోయేది ఒకటి, మీరు బిజీగా ఉన్నప్పుడే వెళ్ళేది రెండోది, కాసేపు రింగై ఎత్తకపోతే వెళ్ళేది మూడోది. రోజూ సీటు వదిలి తిరిగే పని అయితే మూడోదే మంచిది. సీట్లో ఉంటే మీరే ఎత్తుతారు, లేకపోతే పక్కవాళ్ళకు వెళ్తుంది, తీయడం మర్చిపోయినా నష్టం లేదు. సెలవు మీద ఊరెళ్తుంటేనే మొదటిది పెట్టండి.

1. రిసీవర్ ఎత్తి ఫార్వర్డ్ కోడ్, తర్వాత ఏ నంబరుకు వెళ్ళాలో ఆ నంబరు నొక్కండి. ఐపీ ఫోన్‌లో అయితే ఫార్వర్డ్ అనే బటనో మెనూనో ఉంటుంది.
2. ఒప్పుకున్నట్టు టోన్ లేదా మాట వినిపించాకే పెట్టేయండి.
3. వేరే ఫోన్ నుంచి మీ ఎక్స్‌టెన్షన్‌కి చేసి చూడండి. ఆ తర్వాత బయటి నుంచి మొబైల్‌తో కూడా చేసి చూడండి. లోపలి కాల్స్‌కి ఒకలా, బయటి కాల్స్‌కి ఒకలా ఫార్వర్డ్ పెట్టే సిస్టమ్‌లు ఉన్నాయి.
4. తీసే కోడ్‌ని ఒక చీటీ మీద రాసి కీప్యాడ్ పక్కనే అంటించండి, ఇప్పుడే.

మొబైల్‌కి ఫార్వర్డ్ పెడుతుంటే రెండు సంగతులు తెలిసి ఉండాలి. మొదటిది, బయటి లైన్ కోడ్, 0, పది అంకెలు, అన్నీ కలిపి ఇవ్వాలి. పది అంకెలే ఇస్తే వెళ్ళదు. రెండోది ఎవరూ చెప్పరు: బయటి నుంచి వచ్చిన కాల్ ఒక లైన్లో లోపలికి వచ్చి, ఇంకో లైన్లో బయటికి వెళ్తుంది. మీ ఆఫీసుకు రెండే ల్యాండ్‌లైన్లు ఉంటే, మేనేజర్ గారు మొబైల్‌లో ఆ ఒక్క కాల్ మాట్లాడినంతసేపు ఆఫీసుకు ఇంకెవరు చేసినా ఎంగేజే వస్తుంది. "పొద్దుటి నుంచి మీ ఫోన్ కలవట్లేదు" అని కస్టమర్లు అంటుంటే ముందు ఈ కోణంలో చూడండి. లైన్లు తక్కువున్న చోట మొబైల్‌కి కాకుండా ఇంకో ఎక్స్‌టెన్షన్‌కి పెట్టి, మనిషి చేత మెసేజ్ రాయించుకోవడం నయం.

ఇద్దరు ఒకరికొకరు ఫార్వర్డ్ పెట్టుకున్నా చిక్కే. మీరు పక్కావిడకు పెట్టారు, ఆవిడ లంచ్‌కి వెళ్తూ మీకు పెట్టారు. కాల్ ఎక్కడా రింగవదు. ఎవరికి పెడుతున్నారో వాళ్ళకు ఒక మాట చెబితే ఈ గొడవే ఉండదు.

సెలవు నుంచి వచ్చాక ఫోన్ నిశ్శబ్దంగా ఉంటే పని తక్కువగా ఉందని సంతోషించకండి, ముందు ఫార్వర్డ్ తీశారో లేదో చూడండి. రిసీవర్ ఎత్తినప్పుడు డయల్ టోన్ ఆగి ఆగి వస్తుంటే ఫార్వర్డో, ఇంకేదో ఫీచరో ఆన్‌లో ఉన్నట్టు గుర్తు.

6. పక్క టేబుల్ ఫోన్ ఎత్తడం, కాల్ పార్క్ చేయడం

పక్క సీటులో ఎవరూ లేరు, ఫోన్ మోగుతోంది. లేచి పరిగెత్తక్కర్లేదు. మీ ఫోన్ ఎత్తి పికప్ కోడ్ నొక్కితే ఆ కాల్ మీకు వస్తుంది. మీ గ్రూపులో మోగే ఏ ఫోన్ అయినా తీసుకునే కోడ్ ఒకటి, ఫలానా ఎక్స్‌టెన్షన్ మాత్రమే తీసుకునే కోడ్ ఇంకొకటి ఉంటాయి. గ్రూప్ కోడ్ నొక్కితే ఎంగేజ్ వస్తోందంటే మీరిద్దరూ ఒకే పికప్ గ్రూపులో లేరన్నమాట. అడ్మిన్‌తో చేర్పించుకోండి. ఎత్తగానే "అకౌంట్స్ అండీ, రమణ గారి తరఫున మాట్లాడుతున్నాను" అనండి, లేకపోతే మిమ్మల్నే ఆయన అనుకుని చెప్పుకుంటూ పోతారు.

మనిషి ఏ గదిలో ఉన్నాడో తెలియనప్పుడు పనికొచ్చేది పార్క్. కాల్‌ని ఒక నంబరులో ఆపి ఉంచి, "సార్, మీకు 71లో కాల్ ఉంది" అని పిలిచి చెబితే, ఆయన దగ్గర్లో ఉన్న ఏ ఫోన్ నుంచైనా ఆ నంబరు కొట్టి మాట్లాడొచ్చు. గోడౌన్లకు, హాస్పిటళ్ళకు బాగుంటుంది. చిన్న ఆఫీసుకు అవసరం లేదు.

7. ముగ్గురితో కాన్ఫరెన్స్

1. మొదటి మనిషితో మాట్లాడుతుండగా "ఇంకొకరిని కలుపుతున్నాను" అని చెప్పండి.
2. ఐపీ ఫోన్‌లో కాన్ఫరెన్స్ నొక్కండి, రెండో మనిషికి డయల్ చేయండి, ఎత్తాక కాన్ఫరెన్స్ మళ్ళీ నొక్కండి. అనలాగ్‌లో ఫ్లాష్, రెండో నంబరు, ఎత్తాక కాన్ఫరెన్స్ కోడ్.
3. కలిశాక ముగ్గురి పేర్లూ చెప్పండి. ఎవరు వింటున్నారో అందరికీ తెలియాలి.

రెండో మనిషి ఎత్తకముందే బటన్ నొక్కితే రింగ్ టోనో, "స్విచాఫ్ చేయబడి ఉంది" అన్న మాటో మొదటి మనిషి చెవిలో పడుతుంది. కలిపిన మీరు ముందుగా పెట్టేస్తే చాలా సిస్టమ్‌లలో మొత్తం కట్ అవుతుంది. మీరు అక్కర్లేకపోయినా మ్యూట్ పెట్టుకుని లైన్లోనే ఉండండి. స్పీకర్‌లో మాట్లాడుతుంటే పక్కన ఫ్యాన్ ఆపండి, అవతలివాళ్ళకు గాలి హోరే ఎక్కువ వినిపిస్తుంది.

8. డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్)

మీటింగ్‌లో మోగకుండా పెట్టేది. ఫార్వర్డ్‌లాగే ఇదీ ఆన్‌లో మర్చిపోతారు. చేసినవాళ్ళకు ఎంగేజ్ వస్తుంది, మీకు ఏమీ తెలియదు. రింగ్ వాల్యూమ్ తగ్గించుకుంటే చాలు అనుకునే చోట డీఎన్‌డీ వాడకండి.

9. కోడ్లు ఎలా ఉంటాయంటే

కోడ్లు సిస్టమ్‌ని బట్టి మారతాయి. ఫ్రీపీబీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఐపీ ఫోన్లకు మొదటి నుంచి ఉండే కోడ్లు ఇవి: ఫార్వర్డ్ పెట్టడానికి స్టార్ 72, తర్వాత నంబరు. తీయడానికి స్టార్ 73. డీఎన్‌డీకి స్టార్ 78, తీయడానికి స్టార్ 79. గ్రూప్ పికప్‌కి స్టార్ 8. ఫలానా ఎక్స్‌టెన్షన్ ఎత్తడానికి రెండు స్టార్లు, తర్వాత ఆ ఎక్స్‌టెన్షన్. స్టార్ 43 కొడితే మీ మాట మీకే తిరిగి వినిపిస్తుంది, మైకు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఇది చాలా మంచిది.

అవాయా కంపెనీ ఐపీ ఆఫీస్ అనే సిస్టమ్‌లో వేరు. ముందు స్టార్ 07, స్టార్, వెళ్ళాల్సిన నంబరు, హ్యాష్ కొట్టి నంబరు దాచాలి. తర్వాత స్టార్ 01తో ఫార్వర్డ్ ఆన్, స్టార్ 02తో ఆఫ్. స్టార్ 00 కొడితే పెట్టిన ఫార్వర్డ్‌లన్నీ పోతాయి. డీఎన్‌డీకి స్టార్ 08, తీయడానికి స్టార్ 09.

బిగించినవాళ్ళు వీటిని మార్చి ఉండొచ్చు. అందుకే మీ ఆఫీసులో పనిచేసిన కోడ్‌నే చీటీ మీద రాయండి.

10. ఎమర్జెన్సీ నంబర్లు ఈరోజే కనుక్కోండి

మంటలు లేచినప్పుడో, ఎవరైనా కుప్పకూలినప్పుడో 112, 108, 101 నేరుగా కొట్టాలా, ముందు బయటి లైన్ కోడ్ కొట్టాలా? చాలా ఆఫీసుల్లో ఈ ప్రశ్నకు జవాబు ఎవరికీ తెలియదు. అమెరికాలో 2013లో టెక్సస్‌లోని ఒక హోటల్ గదిలో కారీ హంట్ అనే ఆవిడ మీద దాడి జరిగినప్పుడు, చిన్న కూతురు మళ్ళీ మళ్ళీ 911 కొట్టింది. ముందు 9 కొట్టాలని ఆ పాపకు తెలియదు. కాల్ వెళ్ళలేదు, తల్లి బతకలేదు. ఆ తర్వాత వచ్చిన చట్టాన్ని కారీస్ లా అంటారు. 2020 ఫిబ్రవరి నుంచి అక్కడ కొత్తగా పెట్టే ఆఫీసు, హోటల్ ఫోన్లలో ముందు ఏ అంకె లేకుండానే 911 వెళ్ళాలి. అక్కడ ఉద్యోగం చేసే మనవాళ్ళు తమ ఆఫీసులో పాత సిస్టమ్ ఉంటే ఈ సంగతి అడగండి.

ఇక్కడ మీరు చేయాల్సింది: మీ సిస్టమ్ చూసేవాళ్ళను పిలిచి, 112, 108, 101 కోడ్ లేకుండా కూడా, కోడ్‌తో కూడా వెళ్ళేలా పెట్టమనండి. బయటి కాల్స్‌కి అనుమతి లేని ఎక్స్‌టెన్షన్ల నుంచి కూడా వెళ్ళాలి, వాచ్‌మన్ దగ్గరున్న ఫోన్‌తో సహా. పరీక్ష కోసమని మీరే ఊరికే కాల్ చేయకండి, వాళ్ళచేత సెట్టింగ్ చూపించుకోండి. కరెంటు పోయి బ్యాకప్ కూడా అయిపోతే ఐపీ ఫోన్ పనిచేయదు కాబట్టి, మొబైల్ సిగ్నల్ ఆఫీసులో ఏ మూల బాగుంటుందో కూడా అందరికీ తెలియాలి.

11. ఇంకా పని చేయకపోతే

మెయింటెనెన్స్ వాళ్ళను పిలిచేముందు ఈ వరసలో చూడండి. డయల్ టోన్ లేకపోతే వైరు రెండు చివర్లా తీసి పెట్టండి. రిసీవర్‌కి, ఫోన్‌కి మధ్యనున్న చుట్టల వైరు కూడా. గరగర చప్పుడుకు ఎక్కువసార్లు ఆ చుట్టల వైరే కారణం. తర్వాత బాగా పనిచేసే పక్క ఫోన్ తెచ్చి మీ పాయింట్‌లో పెట్టండి. అనలాగ్ బదులు అనలాగే పెట్టాలి. అదీ పనిచేయకపోతే లోపం లైన్లో ఉంది, పనిచేస్తే మీ ఫోన్‌లో ఉంది. ఐపీ ఫోన్ అయితే కేబుల్ తీసి, పది సెకన్లాగి పెట్టి, పూర్తిగా ఆన్ అయ్యేదాకా ఆగండి. ఆన్ అయ్యాక స్క్రీన్ మీద మీ ఎక్స్‌టెన్షన్ కనిపించకపోతే అది నెట్‌వర్క్ వాళ్ళు చూడాల్సిన పని.

పిలిచేటప్పుడు "ఫోన్ పనిచేయట్లేదు" అనకండి. ఏ ఎక్స్‌టెన్షన్, లోపలి కాల్స్‌కా బయటి కాల్స్‌కా, కాల్స్ రావట్లేదా, వెళ్ళట్లేదా, ఏ టైమ్‌లో, ఏ టోన్ వినిపించింది, పక్క ఫోన్ పెట్టి చూస్తే ఏమైంది, ఇవి చెప్పండి. ట్రాన్స్‌ఫర్ సమస్య అయితే ఫ్లాష్ నొక్కాక టోన్ వచ్చిందో లేదో కూడా చెప్పండి. ఆ ఒక్క ముక్కతో వాళ్ళు రావాలో, సెట్టింగ్ దూరం నుంచే మార్చొచ్చో తేలిపోతుంది.